పోల్‌కు మార్చిన తరువాత ప్రాసెసర్ వాడకం నూరు శాతానికి ఎందుకు చేరుతోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక రైస్ మిల్లులోని వేబ్రిడ్జి కోసం లినక్స్ మీద సీ భాషలో నేను రాసిన ప్రోగ్రామ్ గురించి ఈ ప్రశ్న అడుగుతున్నాను. తూకం చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా అంకెలు వస్తాయి. ఆఫీసు గదిలోని నాలుగు కంప్యూటర్లు టీసీపీ ద్వారా ఈ ప్రోగ్రామ్‌కు కలిసి ఆ తూకాన్ని తెర మీద చూపుతాయి. లారీ తూకం ఖరారైనప్పుడల్లా చీటీ ముద్రించే మరొక ప్రోగ్రామ్‌ను చైల్డ్ ప్రాసెస్‌గా నడిపి, అది పంపే సందేశాలను ఒక పైప్ ద్వారా చదువుకుంటాను.

ఈ దారులలో దేనిలో డేటా వచ్చిందో ఒకేసారి కనిపెట్టే సెలెక్ట్ అనే సిస్టమ్ కాల్‌తో ఇదంతా రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. సెలెక్ట్‌కు 1024 పరిమితి ఉందని, కొత్తగా రాసేవారు దానిని వాడకపోవడమే మంచిదని చదివి, పోయిన వారం అదే పని చేసే పోల్‌కు మార్చాను. ప్రోగ్రామ్ నడిచే తీరును ఏమీ మార్చలేదు. ఎఫ్‌డీ_ఇస్‌సెట్ అని అడిగిన ప్రతి చోటా, పోల్ తన జవాబును ఉంచే రెవెంట్స్‌లో పోల్‌ఇన్ (చదవడానికి డేటా ఉంది) ఉందా అని అడిగాను, అంతే. ఇప్పుడు ఉదయం ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది కానీ, మొదటి లారీకి చీటీ బయటికి వచ్చిన మరుక్షణం నుంచి ఒక కోర్ వాడకం నూరు శాతానికి చేరి, ప్రోగ్రామ్‌ను ఆపే వరకు దిగడం లేదు. తూకాలు మాత్రం సరిగానే వస్తున్నాయి.

టైమౌట్‌గా -1 ఇచ్చాను కాబట్టి, ఏదైనా జరిగే వరకు పోల్ నిద్రపోవాలి. ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే ఒకే వరుస ఆగకుండా పరుగెడుతోంది: ఎఫ్‌డీ (డిస్క్రిప్టర్, అంటే తెరిచిన పైప్‌కో పోర్టుకో కెర్నల్ ఇచ్చే సంఖ్య) 9, రెవెంట్స్ పోల్‌హప్, తిరిగి వచ్చిన విలువ 1. ఈవెంట్స్‌లో నేను అడిగింది పోల్‌ఇన్ ఒక్కటే. అడగని పోల్‌హప్ ఎందుకు వస్తోంది? సెలెక్ట్ వాడినప్పుడు లేని ఈ సమస్య ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి సమాధానం

ఎస్‌ట్రేస్ వరుసను కూడా రాసి మంచి పని చేశారు. కారణం అందులోనే ఉంది. పోల్‌హప్ (అవతలి కొస మూతపడింది), పోల్‌ఎర్ (లోపం), పోల్‌ఎన్‌వాల్ (తెరిచి లేని డిస్క్రిప్టర్) అనే మూడింటినీ మనం ఈవెంట్స్‌లో అడగనక్కర లేదు. అవసరమైనప్పుడు కెర్నల్ వాటిని తనంతట తానే రెవెంట్స్‌లో పెడుతుంది. చీటీ ముద్రించే ప్రోగ్రామ్ తన పని ముగించి వెళ్లిపోగానే పైప్‌లో రాసే కొస మూతపడుతుంది. పైప్‌లో చదవవలసిన బైట్లు ఏమీ మిగలకపోతే లినక్స్ పోల్‌ఇన్ లేకుండా పోల్‌హప్ ఒక్కటే చూపుతుంది. మీ కోడ్ పోల్‌ఇన్ ఉందా అని చూసి, లేదు కాబట్టి ఆ డిస్క్రిప్టర్‌ను వదిలేసి మళ్లీ పోల్‌ను పిలుస్తుంది. పైప్ ఇంకా అదే స్థితిలో ఉన్నందున పోల్ వెంటనే తిరిగి వస్తుంది. లారీ ఉన్నా లేకున్నా లూప్ అలా తిరుగుతూనే ఉంటుంది.

సెలెక్ట్‌లో ఇది బయటపడకపోవడానికి కారణం కెర్నల్ లోపల ఉంది. సెలెక్ట్‌లో మనకు కనిపించేవి చదవడం, రాయడం, అసాధారణ స్థితి అనే మూడు సమితులు మాత్రమే. పోల్‌హప్‌ను విడిగా చూపే చోటు వాటిలో లేదు కాబట్టి లినక్స్ దానిని చదవడానికి సిద్ధం అనే లెక్కలోనే వేస్తుంది. అందువల్ల మీ పాత కోడ్ రీడ్‌ను పిలిచేది, రీడ్ సున్నా ఇచ్చేది, మీరు డిస్క్రిప్టర్‌ను మూసేవారు. ఇక్కడ సిద్ధం అన్న మాటకు అర్థం ఒక్కటే: ఇప్పుడు రీడ్‌ను పిలిస్తే అది ఆగిపోదు. డేటా ఉందనే హామీ అందులో లేదు. సున్నా రావచ్చు, లోపమూ రావచ్చు.

కాబట్టి రెవెంట్స్‌లో పోల్‌ఇన్, పోల్‌హప్, పోల్‌ఎర్ లలో ఏది ఉన్నా రీడ్‌ను పిలవండి; అది సున్నా ఇచ్చినప్పుడే మూయండి. పోల్‌హప్ కనిపించగానే చదవకుండా మూసేయకూడదు. ఎందుకంటే ముద్రణ ప్రోగ్రామ్ తన చివరి వాక్యాన్ని, ఉదాహరణకు కాగితం అయిపోయిందన్న సందేశాన్ని, పైప్‌లో రాసి వెంటనే ముగిస్తే పోల్‌ఇన్, పోల్‌హప్ రెండూ కలిసి వస్తాయి. అప్పుడు మీరు మూసేస్తే మీకు అన్నిటికంటే అవసరమైన ఆ వాక్యమే పోతుంది.

మూసిన తరువాత పట్టికలోని ఆ గడిలో ఎఫ్‌డీని -1 చేయండి. రుణ సంఖ్య ఉన్న గడిని పోల్ పట్టించుకోదు. 9 అనే అంకెను అలాగే వదిలేస్తే పోల్‌ఎన్‌వాల్ వచ్చి లూప్ మళ్లీ పరుగెడుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది: కెర్నల్ కొత్త డిస్క్రిప్టర్‌కు ఖాళీగా ఉన్న అతి చిన్న సంఖ్యను ఇస్తుంది కాబట్టి, తరువాత కలిసిన ఆఫీసు కంప్యూటర్‌కే 9 దక్కి, దాని మాటలను మీరు ప్రింటర్ మాటలుగా చదివే అవకాశం ఉంది. గడిని సున్నా చేయడం కూడా పనికిరాదు, సున్నా అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్. చైల్డ్ ప్రాసెస్ జాంబీగా (ముగిసినా కెర్నల్ పట్టికలో ఉండిపోయినదిగా) మిగలకుండా వెయిట్‌పిడ్‌ను కూడా పిలవడం మరచిపోకండి.

ప్రశ్న అడిగినవారు

చాలా కృతజ్ఞతలు. రీడ్ షరతును మార్చి, గడిలో -1 పెట్టగానే వాడకం దాదాపు సున్నాకు దిగింది. ఇంకొక్క సందేహం ఉంది. ఎలాగూ మార్పు మొదలుపెట్టాను కాబట్టి నేరుగా ఇదే పనికి లినక్స్‌లో ఉన్న కొత్త పద్ధతి ఈపోల్‌కు వెళ్లడం మంచిదా?

రెండవ సమాధానం

మీ ప్రోగ్రామ్‌కు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. నిజానికి సెలెక్ట్ నుంచి మారవలసిన ఒత్తిడి కూడా మీకు లేదు. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన సెలెక్ట్‌కు జీలిబ్‌సీలో (లినక్స్‌లోని సీ లైబ్రరీలో) ఉన్న 1024 అనే హద్దు ఎన్ని డిస్క్రిప్టర్లు ఉన్నాయన్నదానికి సంబంధించినది కాదు, ఒక్కొక్క డిస్క్రిప్టర్ నంబరుకు సంబంధించినది. మీరు చూసేది ఒక్క డిస్క్రిప్టర్‌నే అయినా దాని సంఖ్య 1024 అయితే ఎఫ్‌డీ_సెట్ తన హద్దు దాటి పక్క మెమరీలో బిట్ రాస్తుంది. తెరిచినవాటిని మూయడం మరచిపోయే ప్రోగ్రాములు ఈ గుంటలో పడతాయి. మీకు పదికి మించి డిస్క్రిప్టర్లు లేవు. అయినా పోల్‌కు మారడం మంచిదే: సెలెక్ట్ తన సమితులను తానే చెరిపి రాస్తుంది కాబట్టి ప్రతిసారీ వాటిని మళ్లీ నింపాలి, లినక్స్‌లో టైమౌట్ విలువ కూడా మారిపోతుంది. పోల్‌లో మనం అడిగేది ఈవెంట్స్‌లోను, జవాబు రెవెంట్స్‌లోను విడివిడిగా ఉంటాయి.

పోల్ పిలిచిన ప్రతిసారీ పట్టిక మొత్తం కెర్నల్‌కు కాపీ అయి, అందులోని ప్రతి గడినీ అది తనిఖీ చేయాలి. ఒక్క సర్వర్ పదివేల కనెక్షన్లను ఎలా మోయాలి అని డాన్ కెగెల్ 1999లో చర్చకు పెట్టినప్పుడు ఈ భారమే పెద్ద అడ్డంకి. 2002లో 2.5.44 కెర్నల్‌తో వచ్చిన ఈపోల్ ఆ పట్టికను కెర్నల్‌లోనే ఉంచి, సిద్ధమైనవాటిని మాత్రమే ఇస్తుంది. పది గడుల పట్టికలో ఆ తేడాను మీరు కొలవలేరు. పైగా స్థితి మారినప్పుడు మాత్రమే కబురు చేసే ఎడ్జ్ ట్రిగర్ పద్ధతిని ఎంచుకుంటే ఈఅగైన్ (ఇప్పటికి ఇంకేమీ లేదు) వచ్చే వరకు చదవకపోయినప్పుడు మిగిలిన డేటా గురించి మళ్లీ కబురు రాకపోవచ్చు. మీరు రేపు చీటీల వివరాలను డిస్కు మీది ఫైల్‌లో రాయదలిస్తే ఈపోల్ దానిని చేర్చుకోను కూడా చేర్చుకోదు, ఈపర్మ్ (అనుమతి లేదు) అంటుంది. పోల్ చేర్చుకుంటుంది కానీ ఎప్పుడూ సిద్ధం అనే చెబుతుంది కాబట్టి ఉపయోగం లేదు.

మూడవ సమాధానం

వేబ్రిడ్జి కాబట్టి రెండు విషయాలు కలుపుతాను. ఇండికేటర్ 12480 అని పంపినా, పోల్ లేపిన మొదటిసారి రీడ్‌కు 12 మాత్రమే అంది, 480 తరువాతి సారి రావచ్చు. వరుస ముగింపు గుర్తు వచ్చే వరకు బఫర్‌లో పోగుచేసి, ఆ తరువాతే దానిని తూకంగా తీసుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు నేరుగా ధాన్యం డబ్బు మీద పడుతుంది.

రెండవది, మీరు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ వాడుతుంటే, లారీ అదురుకు అది ఒక్క క్షణం ఊడినా పాత డిస్క్రిప్టర్ మళ్లీ బతకదు. పోల్‌హప్ వస్తూనే ఉంటుంది, రీడ్ సున్నా లేదా లోపం ఇస్తుంది. దానిని మూసి, గడిలో -1 పెట్టి, పోల్ టైమౌట్‌ను తాత్కాలికంగా 2000 మిల్లీసెకన్లు చేసి, అది ముగిసినప్పుడల్లా పోర్టును తెరవడానికి ప్రయత్నించండి. దొరికాక మళ్లీ -1కు మార్చండి. పాతదాన్ని మూయకుండా కేబుల్ మళ్లీ పెడితే పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 స్థానంలో టీటీవైయూఎస్‌బీ1 అని వస్తుంది, మీ ప్రోగ్రామ్ లేని పోర్టు కోసం వెతుకుతూ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

మాది యూఎస్‌బీ కేబులే. ఈ సాయంత్రం ప్రోగ్రామ్ నడుస్తుండగా కేబుల్ పీకి చూశాను. సరిగ్గా మీరు చెప్పినట్లే ప్రాసెసర్ వాడకం మళ్లీ నూరు శాతానికి వెళ్లింది. పోర్టును మూసి మళ్లీ తెరిచే భాగం రాసి, ఆరుసార్లు పీకి పెట్టాను. ఆరుసార్లూ రెండు మూడు సెకన్లలో తూకం తిరిగి తెర మీదికి వచ్చింది. తూకం అంకెలను ఇప్పటి వరకు ఒక్క రీడ్‌తోనే తీసుకుంటున్నాను, బఫర్ పని రేపు మిల్లు తెరవక ముందే పూర్తి చేస్తాను. ముగ్గురికీ ధన్యవాదాలు.