నాలా వంతెనకు ఏటా రంగులేనా? మరమ్మతు సొమ్ము ఎక్కడ ఖర్చు పెట్టాలి?

మూసీతీరం:

మా కాలనీని ప్రధాన రహదారితో కలిపేది నాలా మీదున్న ఒక పాత వంతెన. ఈ వేసవిలోనూ దానికి మరమ్మతులు జరిగాయి. రెయిలింగుకు పసుపు, నలుపు చారలు వేశారు. ఫుట్‌పాత్ మీద బాగున్న టైల్స్‌నే పీకి కొత్తవి పరిచారు. శ్లాబుకూ శ్లాబుకూ మధ్య ఉండే జాయింటులో తారు కూరి చదును చేశారు. రెండు వానలు పడేసరికి ఆ తారు లేచిపోయింది.

నాలా పక్కనున్న మెట్ల మీదుగా కిందికి దిగితే అసలు సంగతి తెలుస్తుంది. వంతెన మీది వాననీరు బయటికి పోవలసిన తూములు మట్టితో, పాలిథిన్ సంచులతో పూడిపోయాయి. దారి లేని నీరు జాయింటు సందుల్లోంచి కారి స్తంభం తల మీద నిలుస్తోంది. సరిగ్గా అక్కడే శ్లాబు అడుగున పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. తుప్పు నీళ్లు స్తంభం పొడవునా చారలు కట్టాయి. పక్క గోడ పగులులో రావి మొక్క ఉంది. కొమ్మలు నరికి వెళ్లారు, వేరు గోడలోనే ఉండిపోయింది.

వంతెనకు ఖర్చు పెట్టవద్దని ఎవరూ అనరు. పెట్టే రూపాయి మంత్రి వచ్చినా, కార్పొరేటర్ వచ్చినా కారులోంచి కనిపించే చోటే పెడుతున్నారన్నది నా కోపం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చేది ఈ పద్ధతే. ఏటా ఆస్తిపన్ను కడుతున్న మనం దీన్ని అడగవద్దా?

అంబర్‌పేట వాసి:

అడగండి, కానీ మరమ్మతులు అడగకండి. కొత్త వంతెన అడగండి. మూసీ మీది మా మూసారంబాగ్ వంతెన కథ హైదరాబాద్‌లో తెలియనివారు లేరు. ఎగువనున్న జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తారంటే చాలు, దాని మీదికి మూసీ వచ్చేది. 2020 అక్టోబరు, 2022 జులై, 2025 సెప్టెంబరు: వరద వచ్చిన ప్రతిసారీ రెండు వైపులా బారికేడ్లు పెట్టి రాకపోకలు ఆపేశారు. మలక్‌పేట వైపు ఉద్యోగాలున్నవాళ్లు, బడికి వెళ్లిన పిల్లల కోసం చూసే తల్లులు ఎంత అవస్థ పడ్డారో మాకు తెలుసు. ఎన్ని కోట్లు పోసి బాగుచేసినా తక్కువ ఎత్తున కట్టిన వంతెన ఎత్తు పెరగదు. అక్కడ ఎత్తయిన వంతెన కట్టడమే దారి అని చివరికి సర్కారు కూడా ఒప్పుకుంది. ఆ బుద్ధి మొదటే ఉంటే మధ్యలో పోసిందంతా మిగిలేది.

విశ్రాంత ఇంజినీరు:

అంబర్‌పేట వాసి గారు చెప్పినది మూసారంబాగ్‌కు నూరు పాళ్లు నిజం. అది పుట్టుకలో ఉన్న లోపం, మరమ్మతుతో పోదు. మూసీతీరం గారి వంతెనది ఆలనాపాలనా లేకపోవడం. రెండింటికీ ఒకే మందు రాస్తే డబ్బు వృథా అవుతుంది.

కాంక్రీటులో చువ్వకు రక్షణ దాని చుట్టూ ఉన్న సిమెంటు పొరే. నీరు, గాలి ఆ పొర దాటి లోపలికి చేరితే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి నెట్టి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. మనకు పెచ్చులు కనిపించేసరికే లోపల నష్టం చాలా దూరం వెళ్లి ఉంటుంది. డి సిట్టర్ అనే ఇంజినీరు 1980ల్లో ఒక లెక్క చెప్పాడు. కట్టేటప్పుడు జాగ్రత్తకు పెట్టని ఒక రూపాయి, నిర్వహణ దశకు ఐదవుతుంది. అప్పుడూ పెట్టకపోతే మరమ్మతుకు ఇరవై ఐదు, చివరికి తిరిగి కట్టడానికి నూట ఇరవై ఐదు. అచ్చంగా అంతే అవుతుందని కాదు గానీ, దారి మాత్రం అదే. తూము శుభ్రం చేయడానికి ఇద్దరు మనుషులు, ఒక గడ్డపార చాలు. స్తంభం తల బాగుచేయడానికి వంతెననే జాకీలతో ఎత్తాలి.

గుజరాత్‌లో మహీ నది మీది గంభీరా వంతెన 2025 జులై 9న కూలి 20 మందికి పైగా చనిపోయారు. అది 1985 నాటిది, అంటే నలభై ఏళ్లదే. మన నగరంలో అంతకంటే పాతవి ఎన్నో ఉన్నాయి.

పురానాపూల్ పక్కన:

నలభై ఏళ్లకే కాలం చెల్లితే మా పురానాపూల్ సంగతేమిటి? 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టారు. చార్మినార్ కంటే పదమూడేళ్లు పెద్దది. 1908 వరద మూసీ మీది వంతెనలన్నింటినీ చావుదెబ్బ కొట్టినా ఇది నిలిచింది, బాగుచేసి మళ్లీ వాడుకున్నారు. నేటికీ దాని మీద కూరగాయల బేరం సాగుతోంది. పాతవాళ్లకు మనసు ఉండేది, ఇప్పటి పాలకులకు లేదు.

విశ్రాంత ఇంజినీరు:

పురానాపూల్ రాతి కమాను. అందులో తుప్పు పట్టే చువ్వ లేదు, బరువంతా రాయి మీద రాయి నొక్కుడుగా దిగుతుంది. దాని ఆయుష్షుతో కాంక్రీటు వంతెనను పోల్చలేం. అయితే మీరే అన్నారు, దెబ్బతిన్నప్పుడల్లా బాగుచేశారని. మొండిగోడలా వదిలేసి ఉంటే రాయి కూడా మిగిలేది కాదు.

చిన్న గుత్తేదారు:

ఇలాంటి పనులు చేసే మనిషిగా చెబుతున్నాను. జాయింటు మార్చాలంటే సగం వంతెన మూయాలి. ట్రాఫిక్ పోలీసుల అనుమతి కావాలి, రాత్రిపూటే పని చేయాలి, వేసిన కాంక్రీటు గట్టిపడేదాకా బండ్లను ఆపాలి. ఒక్క రోజు మూసినా జనం తిడతారు, కార్పొరేటర్ ఫోను చేస్తాడు. రంగు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే అంచనాలో జాయింటు ఉన్నా, పని మొదలయ్యేసరికి అది తర్వాతి ఏడాదికి జరుగుతుంది, టైల్స్ ముందుకొస్తాయి. పైగా బిల్లులు నెలల తరబడి రావు. అప్పు తెచ్చి జాకీలు అద్దెకు తెచ్చే ధైర్యం మాలాంటివాళ్లకు ఎక్కడిది? దొంగలంటూ మమ్మల్ని అనే ముందు, ఒక రాత్రి వంతెన మూస్తే ఊరుకుంటారా అని మీ కాలనీ వాళ్లను అడగండి.

మాదాపూర్ నుంచి:

రంగులను అంత తేలిగ్గా తీసేయకండి. వంతెన మొదట్లో ఆ చారలు, మెరిసే పలకలు లేకపోతే రాత్రి ద్విచక్ర వాహనాలు నేరుగా గోడకు కొట్టుకుంటాయి. దుర్గం చెరువు తీగల వంతెనకు 2020లో 184 కోట్లు పెట్టారని, దీపాల సోకు అని చాలామంది విమర్శించారు. దాని మీద నడిచే మాకు ఆ వెలుతురు భద్రత కూడా. అందం కోరుకోవడం నేరమా?

మూసీతీరం:

మాదాపూర్ వారికి: చారలు ఉండాలి, దీపాలూ ఉండాలి. బాగున్న టైల్స్ పీకడం మాత్రం భద్రత కిందికి ఎలా వస్తుంది? ఆ డబ్బుతో తూములు బాగయ్యేవి. తీగల వంతెనకు కూడా రేపు తీగలు, బేరింగులు చూసుకునే ఖర్చు వస్తుంది. అక్కడా దీపాలకే సరిపెడితే ఇదే గొడవ మీరే లేవనెత్తుతారు.

గుత్తేదారు గారు చెప్పింది నాకు బాగా పట్టింది. వచ్చే ఆదివారం కాలనీ సంఘం సమావేశంలో మొదట పెట్టబోయే మాట ఇదే: జాయింటు మార్చేటప్పుడు వంతెన మూసుకోవడానికి మేం సిద్ధమని రాతపూర్వకంగా ఇస్తాం. జనం తిడతారన్న సాకు అధికారులకు మిగలకూడదు.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. రుసుము పది రూపాయలు, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. గత మూడేళ్ల అంచనాలు, చేసిన పని కొలతలు రాసే పుస్తకం పేజీలు, వానాకాలానికి ముందు, తర్వాత చేసిన తనిఖీల నివేదికలు అడుగుతాం. తనిఖీయే జరగలేదంటే ఆ మాటైనా కాగితం మీద వస్తుంది. ఇంజినీరు గారూ, ఇంకేమైనా చేర్చాలా?

విశ్రాంత ఇంజినీరు:

రెండు చేర్చండి. ఒకటి, చేసిన పనికి లోపాల బాధ్యత గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. గడువు లోపలే తారు లేచిపోయి ఉంటే గుత్తేదారు తన ఖర్చుతోనే మళ్లీ చేయాలి. రెండోది చాలామందికి తెలియదు: ఆ చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడానికి కూడా పౌరుడికి హక్కు ఉంది. దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాసి, వంతెన అడుగుభాగాన్ని అధికారి సమక్షంలో చూస్తామని తేదీ కోరండి. వాన లేని రోజు, నాలాలో నీరు తక్కువగా ఉన్నప్పుడు పెట్టుకోండి. నేనూ వస్తాను. స్తంభం తల దగ్గర సుత్తితో తట్టి చూస్తే ఎక్కడ బోలు ఉందో శబ్దమే చెబుతుంది.

అంబర్‌పేట వాసి:

తేదీ ఖరారయ్యాక ఇక్కడే పెట్టండి. మా వైపు నాలా వంతెన కూడా ఒకటి ఉంది, అదే దరఖాస్తు మేమూ వేస్తాం.