అమ్మానాన్నలతో కరీబియన్ క్రూయిజ్: ఏ కాలం, ఏ రేవులు?

ప్రశ్న (శ్రీకాకుళం): మా అన్నయ్య ఫ్లోరిడాలో ఉంటున్నందున, ఈసారి అమ్మానాన్నలను మయామీ నుంచి ఏడు రోజుల కరీబియన్ క్రూయిజ్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. కళింగపట్నం ఒడ్డున సాయంత్రాలు గడపడమంటే నాన్నగారికి ప్రాణం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. ఎప్పుడు వెళ్లడం మంచిదో, వీసా సంగతి ఏమిటో దయచేసి తెలుపగలరు.

జవాబు (విజయనగరం): అక్కడ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. 2018లో తిత్లీని చూసిన మనకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. జనవరి, ఏప్రిల్ మధ్య వెళ్లండి. ఓడ ఇతర దేశాల రేవులకు వెళ్లి తిరిగి అమెరికాకే చేరుతుంది కనుక, పెద్దవాళ్ల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అన్నది టికెట్లు కొనకముందే చూసుకోండి.

జవాబు (శ్రీకాకుళం): అమ్మగారి మోకాళ్లను బట్టి రేవులను ఎంచుకోవడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. గ్రాండ్ కేమన్‌లో సెవెన్ మైల్ బీచ్ ఎంతో అందమైనదే అయినా, పెద్ద ఓడలు అక్కడ ఒడ్డుకు ఆనవు. లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవలలో దింపుతారు. అలలకు ఊగుతున్న పడవలోకి అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. కొజుమెల్, నసావులలో ఓడ జెట్టీకే ఆనుతుంది కాబట్టి నడిచి దిగవచ్చు. ఒకవేళ దిగాలనిపించకపోతే ఓడలోనే ఉండిపోవచ్చు; అందరూ తీరానికి వెళ్లిన ఆ పూట డెక్ మీద కుర్చీలు ఖాళీగా, ఎంతో ప్రశాంతంగా ఉంటాయి.

జవాబు (విజయనగరం): భోజనం చాలావరకు టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది, వైఫై, తీర విహారాలు సాధారణంగా అదనం. శాకాహారం సంగతి బుకింగ్ సమయంలోనే రాయించండి.