సమస్యాపూరణం: మగడు జన్మించె రెండవ మనువు పిదప

నిర్వాహకుడు:
ఈ వారం పాదం. తేటగీతిలో పై మూడు పాదాలు మీరు రాసి, దీన్ని నాలుగో పాదంగా నిలపాలి.

మగడు జన్మించె రెండవ మనువు పిదప

ఔట్‌లాండర్ నవల చదువుతుంటే తట్టింది. 1991లో వచ్చిన పుస్తకం. రెండో ప్రపంచయుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లేర్, భర్త ఫ్రాంక్‌తో స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్‌కు వెళ్తుంది. అక్కడి నిలువురాళ్ల వలయంలోంచి 1743లోకి పడిపోయి, జేమీ ఫ్రేజర్‌ను పెళ్లాడుతుంది. పూరణ ఆ కథలోనే ఉండాలని లేదు గాని కాలం మాత్రం తలకిందులు కావాలి.

తుంగభద్ర తీరం:
రాతి సందున జారిన రమణి క్లేరు
రెండు నూరేండ్ల వెనుకకు రెప్పపాటు
న జని జేమిని పెండ్లాడె నామె, మొదటి
మగడు జన్మించె రెండవ మనువు పిదప.

ఉత్పలమాలిక:
తమ్ముడూ, మూడో పాదం చివర "మొదటి" అని ఒక్క మాట వేసి సమస్యను విప్పేశావు. చిక్కంతా ఏ మగడన్న దగ్గరే ఉంది కదా! "రాతి సందు" కూడా బాగా పడింది. నవలలో ఆమె వెళ్లేది నిలువునా చీలిన బండలోంచే.

గణవిభజన:
"మొదటి" అద్భుతం, ఒప్పుకుంటాను. కాని మొదటి పాదంలో "రమణి క్లేరు" దగ్గర నా చెవి ఆగిపోయింది. రమణి అయిన క్లేరు అని సమాసం చేస్తే "క్లే" ముందున్న "ణి" గురువు (బరువుగా పలికే అక్షరం), అక్కడ ఉండాల్సిన సూర్యగణం పోయినట్టే. "రమణి యొకతె" అంటే ఏ గొడవా లేదు.

తుంగభద్ర తీరం:
సమాసం ఎక్కడిదండీ? రమణి వేరు, క్లేరు వేరు. విడిగా నిలిచిన తెలుగు మాట తర్వాత సంయుక్తాక్షరం వస్తే ముందు అక్షరాన్ని తేల్చే పలుకుతాం. పేరు తీసేసి "యొకతె" అంటే పద్యంలో మనిషే లేకుండా పోతుంది. నా పాదం మార్చను.

డల్లాస్ తేటగీతి:
మన భాగవతం నవమస్కంధంలోనే కాలప్రయాణపు పెళ్లి ఉంది కదా, అక్కడికి వెళ్లాను.

బ్రహ్మ కొలువున పాటకై రాజు నిలువ
నిరువదేడు చతుర్యుగా లిట్టె గడచె
రేవతికి హలి వరుడయ్యె రేడు మురియ
మగడు జన్మించె రెండవ మనువు పిదప.

కూతురికి ఎవరు తగిన వరుడో అడుగుదామని కకుద్మి రేవతిని వెంటబెట్టుకుని సత్యలోకం వెళ్తాడు. గంధర్వుల పాట అయ్యేదాకా ఆగుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వు మనసులో అనుకున్నవాళ్లంతా ఎప్పుడో పోయారు, బలరాముడికి ఇవ్వమంటాడు. ఇక రెండవ మనువంటే స్వారోచిషుడు. పెద్దన చదివినవాళ్లకు నేను చెప్పాలా!

ఉత్పలమాలిక:
ఆహా! "మనువు"ను పెళ్లి నుంచి లాగి మనుచరిత్రలో కూర్చోబెట్టారు. బ్రహ్మ–రాజు యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదట కుదరాల్సిన అక్షరమైత్రి) కూడా హాయిగా కుదిరింది.

తుంగభద్ర తీరం:
శ్లేష చక్కగా ఉంది. బిగువు మాత్రం తక్కువ. రేవతి పుట్టిందే ఏడో మనువు వైవస్వతుడి వంశంలో. ఆమె తండ్రి, తాత, ఇక్కడ పద్యాలు రాస్తున్న మనం, అందరమూ రెండో మనువు పిదపే పుట్టాం. కనుక చివరి పాదం నిజమే గాని వింత లేదు. రేవతి పుట్టాక ఇన్ని యుగాలకు మగడు పుట్టాడన్న అసలు వింత పై మూడు పాదాల్లోనే ఖర్చయిపోయింది. పైగా పోయిన శ్రావణంలో "మనువు" సమస్యకు కూడా మీరు స్వారోచిషుణ్నే దింపారు. అప్పుడు వరూధిని ఉంది కాబట్టి నప్పింది.

డల్లాస్ తేటగీతి:
శ్రావణం పూరణ మీకింకా గుర్తుండటం నాకు సంతోషమే. ఆ రోజు మీ పూరణ కంటే దానికే ఎక్కువమంది చప్పట్లు కొట్టారు. ఒక్కమాట చెప్పనివ్వండి. రేవతి పాతకాలపు మనిషి కాబట్టి మరీ పొడుగు, బలరాముడు నాగలికొనతో ఆమెను వంచి తన ఎత్తుకు తెచ్చుకున్నాడని విష్ణుపురాణం. కాలం దాటి వచ్చిన పెళ్లికూతురి ఒంటిమీద పాత యుగం ఎలా మిగిలి ఉందో చూడండి. ఎన్ని కొత్త నవలలు చదివినా నాకు ఈ ఊహే గొప్పగా కనిపిస్తుంది.

కొవ్వూరు కుర్రాడు:
పెద్దలందరికీ నమస్కారం.

నవల చదివితి రాతిరి నిదుర మాని
మొదటి మగనికి తాతయే మూర్ఖు డచట
కాలమే చిక్కుముడి వేసె కనుక, మొదటి
మగడు జన్మించె రెండవ మనువు పిదప.

గణవిభజన:
బాబూ, "నవల"కు "నిదుర" యతి చెల్లదు. "నవల చదివితి రేయెల్ల నడుము పట్ట" అనుకో. అంత లావు పుస్తకానికి నడుము పట్టడమూ సహజమే. రెండో పాదం మెచ్చుకోవాలి. 1743లో క్లేర్‌ను వెంటాడే ఆంగ్లేయ సైన్యాధికారి కెప్టెన్ జోనథన్ రాండల్ ఫ్రాంక్‌కు పూర్వీకుడే, ముఖమూ అదే పోలిక. దాన్ని పద్యంలోకి తెచ్చావు.

తుంగభద్ర తీరం:
రెండో పాదం నాకూ నచ్చింది. మూడో పాదం చివరి "మొదటి" మాత్రం ఎవరి ఇంటిదో అందరికీ తెలుసు.

గణవిభజన:
ఇక నా వంతు.

సైన్యపతి చేత బడకుండ సాహసించి
కాగితముపైన చేవ్రాలు కాంత చేసె;
పెండ్లి నాటికి లేనట్టి ప్రేమపు గరి
మ గడు జన్మించె రెండవ మనువు పిదప.

ఉత్పలమాలిక:
ఎంత పని చేశారండీ! మగణ్ని విరిచేసి "గరిమ కడు" చేశారు. ఇంత విరుపు ఈ మధ్య చూడలేదు. విరుపు కోసం కథనూ చెరపలేదు. రాండల్ చేతికి చిక్కకుండా ఉండాలంటే క్లేర్ స్కాట్ ఇంటి కోడలు కావాలి. అందుకే ఆ పెళ్లి. వలపు తర్వాత వచ్చింది.

డల్లాస్ తేటగీతి:
వింతలన్నీ కాలంలో వెతుకుతుంటే ఈయన మామూలు పెళ్లిలోనే చూపించారు. పెళ్లయ్యాక పుట్టే ప్రేమ మన ఇళ్లలో కొత్తా! గరి–మ విరుపు ఒక్కటీ చాలు, ఈ వారం మీదే.

తుంగభద్ర తీరం:
నేనూ చేతులు జోడిస్తున్నాను. అయ్యా, "లేనట్టి ప్రేమ"లో "ట్టి" ఏమైంది? "ప్రే" తగిలినా లఘువుగానే నిలిచింది కదా. నా "ణి"కి లేని మర్యాద మీ "ట్టి"కి ఎలా దొరికింది?

గణవిభజన:
లేనట్టి విశేషణం, విడిగానే ఉంది. మీది పేరుకు అంటుకున్న మాట. రెండూ ఒకటి కావు.

ఉత్పలమాలిక:
ఆ తగవు అలా ఉంచండి. మగడు పుట్టాడు, ప్రేమ పుట్టింది. మరి పుట్టనిచ్చింది ఎవరు? 1992లో వచ్చిన రెండో పుస్తకం చూడండి. జేమీకి రాండల్‌ను చంపేంత పగ ఉంది, అందుకు న్యాయమూ ఉంది. రాండల్ ఇప్పుడే పోతే ఫ్రాంక్ వంశమే ఉండదని క్లేర్ భయం. ఒక్క ఏడాది ఆగమని జేమీని వేడుకుంటుంది. తన పెళ్లాం మొదటి మగడు ఎప్పటికో పుట్టాలని ఈ మగడు కత్తి దించాలి. అక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

కత్తి దించుము నాథ! యా కర్కశుండు
చచ్చెనేని ఫ్రాంకునకిక జన్మ లేదు
వత్సరం బాగు మనె సతి, వాని దయను
మగడు జన్మించె రెండవ మనువు పిదప.

కొవ్వూరు కుర్రాడు:
అక్కయ్యగారూ, "వాని దయను" దగ్గర ఒళ్లు జలదరించింది.

గణవిభజన:
అమ్మా, గొప్ప ఎత్తుగడ. ఒక సందేహం. జేమీ ఆ మాట నిలుపుకోడు, ఏడాది కాకముందే ద్వంద్వయుద్ధానికి దిగుతాడు. రాండల్ ఎలాగో బతికి 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో పోతాడు. కనుక "వాడు బ్రతుక / మగడు జన్మించె" అంటే కథకు సరిపోతుంది.

ఉత్పలమాలిక:
సవరణ వద్దండీ. తర్వాత తప్పినా, ఆ పూట తల వంచి మాటిచ్చాడు. నేను "దయ" అన్నది ఆ పూట సంగతి. యుద్ధంలో ఎవరు బతికారన్నది కాదు.

తుంగభద్ర తీరం:
అక్కయ్య మాటే నా మాట. గణవిభజన గారూ, మీ సవరణలో "వాడు బ్రతుక" అన్నారు. "బ్ర" ముందు "డు" ఎంత తేలిగ్గా పలికిందో ఒకసారి పైకి చదివి చూడండి. అక్కయ్య "చచ్చెనేని ఫ్రాంకు"లో "ని"నీ మీరు ఏమీ అనలేదు. ఇక నా "రమణి క్లేరు"ను కూడా వదిలెయ్యండి.

నిర్వాహకుడు:
వదిలేశాం. "ణి" లఘువే. విరుపుకు గణవిభజన గారిది, భావానికి ఉత్పలమాలిక గారిది తీసుకుంటున్నాను. ఆదివారం రాత్రి దాకా గడువుంది, కందంలోకి మార్చి ఎవరైనా ప్రయత్నిస్తారా?