ఈఆర్-6ఎన్ మంచిదా, జెడ్650 మంచిదా? రెండూ నడిపినవాళ్లు చెప్పండి

సెకండ్ హ్యాండ్‌లో రెండు కవాసాకీ బైకులు చూస్తున్నాను: 2014 ఈఆర్-6ఎన్, 2017 జెడ్650. రెండిటిదీ 649 సీసీ ప్యారలల్ ట్విన్ (పక్కపక్కనే రెండు సిలిండర్లుండే) ఇంజినే. జెడ్650కి వచ్చేసరికి పవర్ 72 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) నుంచి 68కి తగ్గింది, కానీ బరువు కూడా 204 కేజీల నుంచి 187కి దిగింది. పైగా ట్రెల్లిస్ ఫ్రేమ్ (గొట్టాలు జాలీలా అతికించిన చట్రం), స్లిప్పర్ క్లచ్ (గేరు ఒక్కసారిగా తగ్గించినా వెనక చక్రం పట్టేయకుండా చూసేది) వచ్చాయి. ట్రాఫిక్‌లో ఆ 17 కేజీలే అసలు తేడా అని నా నమ్మకం.

పాతదాంట్లో ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే, సరిగ్గా మధ్యలో చిన్నగా పట్టేస్తోంది. అంటే స్టీరింగ్ బేరింగులు మార్చాల్సిందే. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని తెరిచే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ) కూడా ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలిపించాలి, తేడా ఉంటే షిమ్‌లు (ఆ ఖాళీని సరిచేసే చిన్న బిళ్లలు) మార్చాలి. ఈ రెండు పనులకీ హైదరాబాద్‌లో లేబర్ ఎంతవుతుంది? జెడ్650 మీద ఇద్దరు ఎక్కితే గుంతల్లో వెనక సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగి కొట్టుకుంటోందా? దయచేసి చెప్పండి.