పగలు చల్లగా, రాత్రి మురికిగా కనిపిస్తున్న హాలు గోడలు: ఏం మార్చాలి?

మా హాలు 12×16 అడుగులు. ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడదు. నాలుగు నెలల క్రితం గోడలకు నీలం ఛాయ ఉన్న లేత బూడిద రంగు వేయించాం. కింద తెల్లటి టైల్స్, సోఫా, టీవీ స్టాండ్ పాత టేకువి. షేడ్ కార్డులో చాలా బాగుంది, నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ పగలంతా గది చల్లని నీలి వెలుగుతో ఆసుపత్రి వార్డులా అనిపిస్తోంది, టేకు మాత్రం ఎర్రగా విడిగా కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

మొదట 6500కె (కెల్విన్, వెలుగు రంగుకు కొలత; ఇది నీలం ఛాయ ఉన్న తెల్లటి వెలుగు) బల్బులు తీసి 3000కె (వెచ్చని పసుపు వెలుగు) పెట్టాను. రాత్రిపూట టేకు అందంగా ఉంది కానీ గోడలు పసుపుగా, మురికి పట్టినట్టు మారాయి. ఈ రెంటికీ మధ్యస్థమైన 4000కెతో గోడలు కాస్త నయం, పగటి సమస్య మాత్రం అలాగే ఉంది. ఆవపిండి రంగు కర్టెన్లు వేస్తే ఉన్న కాస్త వెలుతురూ తగ్గింది. మెరూన్ కుషన్లతో టేకు ఎరుపు ఇంకా పెరిగింది.

మళ్లీ మొత్తం పెయింట్ వేయించే బడ్జెట్ లేదు, ఒక గోడకైతే పర్వాలేదు. సోఫా వెనక గోడ ఒక్కదానికి వెచ్చని క్రీమ్ రంగు వేయించడమా, గోడలు వదిలేసి టైల్స్ మీద గోధుమరంగు పెద్ద కార్పెట్ పరచడమా? పగలు ఈ చల్లదనం తగ్గడానికి ఏది ఎక్కువ పనిచేస్తుంది?