అంతరిక్ష ప్రయోగాల వార్తలకు నమ్మదగ్గ చోటు ఏది? మీరు ఏం చూస్తారో చెప్పండి

చుక్కల మాస్టారు:
అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా బడిలో ప్రార్థన అయ్యాక వార్తలు పిల్లలే చదువుతారు. ఈ మధ్య అంతరిక్షం కబుర్లు ఎక్కువయ్యాయి, సంతోషమే. కానీ వాళ్ళు తెచ్చేదంతా యూట్యూబ్ థంబ్‌నెయిల్ సరుకు. సునీతా విలియమ్స్ అంతరిక్ష స్టేషన్లో ఉన్నన్నాళ్ళూ ఎవరో ఒకరు ఆమెను చావు అంచుల దాకా తీసుకెళ్ళి వదిలేవారు. ఆ తర్వాత 3ఐ అట్లాస్ తోకచుక్క వచ్చింది, మా తొమ్మిదో తరగతి దాన్ని గ్రహాంతరవాసుల ఓడ చేసేసింది. కసిరితే అసలు చదవడమే మానేస్తారు. "ఇదిగో, ఇక్కడ చూడండిరా" అని చూపించడానికి మంచి చోట్లు కావాలి. ఇంగ్లీషైనా పర్లేదు, తెలుగు నేను చేసి ఇస్తాను. మీరు ఏవి చూస్తారు, ఎందుకు నమ్ముతారు?

సూళ్ళూరుపేట చిన్నోడు:
మాస్టారూ, మా శ్రీహరికోట వైపు రాకెట్ కబురు ముందు తెలిసేది జాలర్లకి. ఫలానా రోజు వేటకు వెళ్ళొద్దని చెప్పారంటే ప్రయోగం ఉన్నట్టే. తర్వాత ఇస్రో ఛైర్మన్ గారు చెంగాళమ్మ గుడికి వస్తారు, ఇక ఊరంతా తెలిసిపోతుంది.

అదే సంగతి ఆన్‌లైన్లో కావాలంటే నోటమ్‌లు చూడాలి. పైలట్లకు ఇచ్చే హెచ్చరికలు అవి. బంగాళాఖాతంలో ఏ అక్షాంశ రేఖాంశాల మధ్య, ఏ తేదీల్లో, ఏ గంటల్లో వెళ్ళకూడదో అందులో ఉంటుంది. కాలిపోయిన దశలు పడేది అక్కడే. చాలాసార్లు ఇస్రో తేదీ చెప్పకముందే ఇవి బయటికొస్తాయి. రెడ్డిట్‌లో ఇస్రో గ్రూపు వాళ్ళు వాటిని మ్యాపు మీద గీసి మరీ పెడతారు. ఆ గీత దక్షిణానికి పోతే ధ్రువ కక్ష్య, తూర్పుకి పోతే ఇంకోటి అని మీ పిల్లలతో అక్కడే ఒక క్లాసు చెప్పించొచ్చు.

నోటమ్ వచ్చింది కదా అని బండి కట్టుకుని మాత్రం రావద్దండి. రద్దు చేసి కొత్తది ఇవ్వడం మామూలే. గ్యాలరీలో కూర్చుని చూడాలంటే ఇస్రో సైట్లో రిజిస్ట్రేషన్ ఉచితం. వాట్సాప్‌లో పాసులు అమ్ముతామనే వాళ్ళ జోలికి పోకండి.

కక్ష్య లెక్కలు:
ఏ సైటు మంచిదని అడిగితే నా దగ్గర ఒక్క జవాబు లేదు. ఎప్పుడు ఎగురుతుందో చెప్పే చోటు వేరు, ఏమైందో చెప్పే చోటు వేరు, ఎందుకలా అయిందో చెప్పే చోటు మరీ వేరు. అన్నీ ఒకే చోట వెతకబట్టే తంటా.

దారి చూపే ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 సంగతి చూడండి. 2025 జనవరి 29, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం. జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 రాకెట్ తన పని సరిగ్గానే చేసింది, ఉపగ్రహాన్ని అనుకున్న కోడిగుడ్డు కక్ష్యలో వదిలింది. టీవీలన్నీ పండగ చేసుకున్నాయి. అక్కడి నుంచి ఉపగ్రహం తన ఇంజన్‌ను తానే మండించుకుంటూ పైకి ఎక్కాలి. ఫిబ్రవరి 2న ఇస్రో తన సైట్లోనే రాసింది: ఇంధనం మండటానికి కావాల్సిన ఆక్సిడైజర్‌ను లోపలికి పంపే వాల్వులు తెరుచుకోలేదు, కక్ష్య పెంచలేకపోయాం అని. ఎగిరిన రోజు హడావుడిలో సగం కూడా ఈ వార్తకు కనపడలేదు. ప్రయోగం రోజున చప్పట్లు కొట్టి టీవీ కట్టేసినవాళ్ళకు అది ఇప్పటికీ విజయమే.

కాబట్టి ఎగిరాక ఓ వారం పాటు ఇస్రో సైటు చూస్తూ ఉండాలి. పక్కన సెలెస్‌ట్రాక్ తెరిచి పెట్టుకోండి. అమెరికా సైన్యం రాడార్లతో పట్టిన కక్ష్యల లెక్కలు అందులో ఎవరికైనా దొరుకుతాయి. కక్ష్యలో భూమికి దగ్గర బిందువు ఎత్తు పెరుగుతోందా లేదా అన్నది అంకెల్లోనే కనిపిస్తుంది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఆ అంకెలు చదవడం కష్టమనిపిస్తే జోనథన్ మెక్‌డొవెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1989 నుంచి నడుపుతున్న 'జోనథన్స్ స్పేస్ రిపోర్ట్' చూడండి. రంగులూ బొమ్మలూ ఉండవు, వట్టి లెక్కలు. నాకు అదే ఇష్టం.

డల్లాస్ శ్రీను:
అమెరికా ప్రయోగాలకైతే నాసా బ్లాగులే నా మొదటి మెట్టు. వాయిదా పడితే కారణం రెండు వాక్యాల్లో ముందు అక్కడే రాస్తారు. శుభాంశు శుక్లా వెళ్ళిన యాక్సియం-4 ఎన్నిసార్లు వాయిదా పడిందో గుర్తుందా? ఒకసారి ఫాల్కన్ రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు, తర్వాత స్టేషన్లో రష్యా వాళ్ళ జ్వెజ్దా మాడ్యూల్ దగ్గర గాలి లీకు వ్యవహారం. చివరికి 2025 జూన్ 25న ఎగిరింది. ప్రతి వాయిదాకీ ఇక్కడ మా వాట్సాప్ గ్రూపుల్లో "ఏదో దాస్తున్నారు" అని మొదలెట్టేవాళ్ళు. దాచడానికేం లేదు, రాసే ఉంది, చదివేవాళ్ళే లేరు.

షెడ్యూలుకు స్పేస్‌ఫ్లైట్ నౌ బాగుంటుంది. వ్యాపారం, బడ్జెట్లు, కాంట్రాక్టుల గొడవలకు స్పేస్‌న్యూస్. నాసాస్పేస్‌ఫ్లైట్ అని ఒకటి ఉంది, పేరు చూసి నాసాది అనుకుంటారు, కాదు, ప్రైవేటు వాళ్ళది. కానీ టెక్సస్‌లో స్పేస్‌ఎక్స్ వాళ్ళ స్టార్‌షిప్ రాకెట్ స్థావరం మీద వాళ్ళు కెమెరాలు పెట్టి రాత్రింబగళ్ళు చూపిస్తారు, అందులో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

ఇంకో మాట. సునీత దిగిన తేదీ మా దగ్గర 2025 మార్చి 18 సాయంత్రం 5.57, మీ దగ్గర 19 తెల్లవారుజామున 3.27. రెండూ కరెక్టే. తేదీలు కలవలేదని ఒక సైటును కొట్టిపారేసే ముందు అది ఏ దేశం టైమో చూసుకోవాలి. కొన్ని సైట్లు యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క టైము) రాస్తాయి, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము.

(ఇక్కడ తూర్పు తీరం టైము చెప్పాను, డల్లాస్‌లో గంట తక్కువ. మళ్ళీ ఎవరూ పట్టుకోకండి!)

డెస్క్ పద్మ:
నేను చాలాకాలం ఒక పత్రిక డెస్క్‌లో పనిచేశాను. లోపల ఏం జరుగుతుందో చెబితే పిల్లలకు పనికొస్తుందేమో.

2019 సెప్టెంబర్ 7, చంద్రయాన్-2 రాత్రి. పేజీ ఆపుకుని కూర్చున్నాం. తెర మీద అనుకున్న దారి ఎర్ర గీత, దాని మీద నడుస్తున్న పచ్చ చుక్క ల్యాండర్. ఆ చుక్క గీత తప్పి కిందికి జారి, ఆగిపోయింది. మాట్లాడుతున్న గొంతు కూడా ఆగింది. తర్వాత ఇస్రో ఛైర్మన్ చెప్పింది ఒకటే: 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సరిగ్గా సాగింది, ఆ తర్వాత సంబంధం తెగింది. అందులో కూలిందన్న మాట లేదు, దిగిందన్న మాటా లేదు. కానీ శీర్షిక పెట్టాలి, ప్రెస్సు ఆగదు. టెన్షన్ అంటే అదీ.

అసలు గోల ఆ తర్వాతి రోజుల్లో. "ల్యాండర్ ముక్కలు కాలేదు, ఒరిగి ఉంది" అని పేరు చెప్పని అధికారి మాటగా ఒక వార్త వచ్చింది, అందరూ వేసుకున్నారు. నవంబర్‌లో లోక్‌సభలో ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఇచ్చిన జవాబులో విషయం తేలింది: వేగం తగ్గించే దశలో లెక్క తప్పింది, దిగాల్సిన చోటికి 500 మీటర్ల లోపు గట్టిగా గుద్దుకుంది. డిసెంబర్‌లో చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ ఫోటోల్లో శకలాలు చెల్లాచెదురుగా కనిపించాయి. మొదటి ముక్కను పట్టింది చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్, ఇంట్లో కూర్చుని, అందరికీ దొరికే ఫోటోలే చూసి.

అందుకే నేను పార్లమెంటు జవాబులు చదువుతాను. చప్పగా ఉంటాయి, కానీ సంతకం పెట్టి ఇచ్చిన మాట. ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో సైట్లో కొన్ని ప్రకటనలు తెలుగులో కూడా దొరుకుతాయి మాస్టారూ, మీకు అనువాదం శ్రమ తగ్గుతుంది. పేరు చెప్పని అధికారి వార్త ఎంత రుచిగా ఉన్నా పక్కన పెట్టేయండి.

సూళ్ళూరుపేట చిన్నోడు:
పద్మ గారూ, అధికారికం అన్నంత మాత్రాన అన్నీ ముందే తెలుస్తాయా? గగన్‌యాన్ 2022 కల్లా అని 2018లో ఎర్రకోట మీద చెప్పారు. అది కూడా అధికారికమే కదా.

డెస్క్ పద్మ:
ఒప్పుకుంటాను. జరిగిపోయిన దాని గురించి అధికారిక మాట నమ్ముతాను. జరగబోయే దాని తేదీ ఎవరు చెప్పినా పెన్సిల్‌తో రాసుకుంటాను.

కక్ష్య లెక్కలు:
ఆ పెన్సిల్ మాట కరెక్టు. చాలా ప్రయోగాలకు ఇచ్చే తేదీ "అంతకంటే ముందు ఉండదు" అనే అర్థంలోది. మన ఛానెళ్ళు "ఆ రోజే" అని కౌంట్‌డౌన్ పెట్టేస్తాయి, తేదీ వెనక్కి జరిగితే "మళ్ళీ వాయిదా" అంటాయి.

ఇస్రోను అన్నందుకు ఒక మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. 2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్య కావాలి, 356 బై 76 వచ్చింది. 76 కిలోమీటర్లంటే వాతావరణమే, ఉపగ్రహాలు పనికిరావని వాళ్ళే ఆ రోజే ప్రకటించారు. తర్వాత కారణం కూడా వివరంగా పెట్టారు: రెండో దశ విడిపోయేటప్పుడు కాసేపు వచ్చిన కుదుపుకు వేగం మార్పును కొలిచే యాక్సెలెరోమీటర్లు తట్టుకోలేదు, సెన్సర్లు చెడిపోయాయని కంప్యూటర్ అనుకుంది. 2023 ఫిబ్రవరి 10న రెండోది సక్సెస్. నాకు ఆ నోటు చదవడం ప్రయోగం చూడ్డం కంటే బాగుంది.

బీటెక్_బాబాయ్:
లైవ్ చూసేటప్పుడు జాగ్రత్త. స్టార్‌షిప్ ఎగిరే రోజున యూట్యూబ్‌లో దొంగ ఛానెళ్ళు పుట్టుకొస్తాయి. పాత వీడియో, మస్క్ బొమ్మ, కింద క్యూఆర్ కోడ్, క్రిప్టో పంపితే రెట్టింపు ఇస్తామని. మా మావయ్య ఫోన్ తీసి స్కాన్ చేయబోతే లాక్కున్నాను. ఛానెల్ ఎప్పుడు మొదలైందో, పాత వీడియోలు ఏమున్నాయో నొక్కి చూస్తే చాలు.

డల్లాస్ శ్రీను:
దీపావళి రాత్రి ఇండియా ఫోటో ఇంకా మీ దగ్గర తిరుగుతోందా? రంగురంగులది. నాసా 2012లోనే చెప్పింది, అది దీపావళి కాదు, వేర్వేరు సంవత్సరాల రాత్రి దీపాలను వేర్వేరు రంగుల్లో కలిపిన బొమ్మ అని. అసలు దీపావళి రాత్రి ఫోటో కూడా అప్పుడే పెట్టింది. పైనుంచి చూస్తే మామూలు రాత్రిలాగే ఉంది.

చుక్కల మాస్టారు:
ప్రతి సంవత్సరం వస్తుందండీ, స్టాఫ్ గ్రూపులోనే వస్తుంది.

అందరికీ ధన్యవాదాలు. ఇక మీదట పిల్లలు వార్త తెస్తే ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అన్న రెండూ బోర్డు మీద రాయాలని పెడతాను. ఇంకొక్క సాయం. కంప్యూటర్ ల్యాబ్‌లో తెరిచి "ఇది ఇప్పుడే జరుగుతోంది" అని చూపించడానికి ఏమైనా ఉందా? లాగిన్లు, డబ్బులు లేకుండా.

కక్ష్య లెక్కలు:
ఉంది మాస్టారూ. నాసా వాళ్ళ డీఎస్‌ఎన్ నౌ. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్, కాన్‌బెర్రా, మూడు చోట్ల ఉన్న యాంటెనాలు ఈ నిమిషంలో ఏ నౌకతో మాట్లాడుతున్నాయో బొమ్మల్లో కనిపిస్తుంది. యాంటెనా మీద నొక్కితే దూరం, సిగ్నల్ బలం, మాట వెళ్ళి రావడానికి పట్టే సమయం వస్తాయి. కాన్‌బెర్రాలో 43వ నంబరు డిష్ చూడమనండి, 70 మీటర్లది, వాయేజర్-2 నౌకకు ఆదేశం పంపగలిగేది అదొక్కటే. వాయేజర్-1 దొరికితే ఇంకా మంచిది, సిగ్నల్ ఒకవైపు వెళ్ళడానికే దాదాపు ఒక రోజు. లెక్క వాళ్ళనే వేయమనండి, కాంతి వేగం పాఠంలో ఎలాగూ ఉంది కదా.

చుక్కల మాస్టారు:
తెరిచాను. ఫోన్లోనే పనిచేస్తోంది. ల్యాబ్‌లో నెట్ ఉంటే శనివారమే చూపిస్తాను, లేకపోతే నా హాట్‌స్పాటే.