పొన్నగంటి కూరలో ‘పోయిన కన్ను’ ఉందా?

కాలువగట్టు: మా అమ్మమ్మ పొన్నగంటి పప్పు వడ్డించినప్పుడల్లా “పోయిన కంటిని తెచ్చే కూర, అందుకే పొన్నగంటి” అనేది. నిన్న మార్కెట్లో ఆకుకూరలమ్మే ఆవిడ కూడా అదే మాట చెప్పింది. ఈ వ్యుత్పత్తి నిలుస్తుందా? పనిలో పనిగా, దీన్ని ఇంట్లో పెంచడం ఎలాగో కూడా ఎవరైనా చెప్పండి. విత్తనాల దుకాణంలో అడిగితే గింజలు లేవన్నారు.

పాతనిఘంటువు: కథ బాగుంది కానీ మాట ఒప్పుకోవడం లేదండీ. ‘పోయిన’ పొన్న కావాలంటే ‘పో’ కురచ కావాలి, ‘యి’ ఎగిరిపోవాలి, పైగా ‘న’ జంట కావాలి. ఒక్క మాటకు ఇన్ని తంటాలా! పక్కింటి భాషలను అడిగితే తేలికగా తేలుతుంది. తమిళంలో ఇదే మొక్క పొన్నాంకణ్ణి, కన్నడంలో హొనగొనె సొప్పు. తమిళంలో పొన్ అంటే బంగారం. మన పాలు హాలుగా, పులి హులిగా మారినట్టే ఆ పొన్ను కన్నడంలో హొన్ను అయింది. మూడు భాషల్లోనూ మొదటి ముక్క ఒకటే, అది బంగారమే తప్ప ‘పోవడం’ కాదు.

రెండో ముక్క విషయంలో మాత్రం మీ అమ్మమ్మగారి మాట నిజమే. అది కన్నే. సంస్కృతంలో దీని పేరు మత్స్యాక్షి, అంటే చేపకన్ను. కలువకంటి, లేడికంటి అన్నట్టే ఇదీ బహువ్రీహి అని నా అభిప్రాయం: బంగారు కన్ను గలది.

మరి ‘పోయిన’ ఎక్కడి నుంచి వచ్చింది? మనకు బంగారానికి పసిడి, పైడి, పుత్తడి ఉన్నాయి. ‘పొన్ను’ ఆ అర్థంతో వాడుకలో వినబడదు. అర్థం తెలియని ముక్కకు జనం తెలిసిన మాటను అతికిస్తారు. తమిళులు మాత్రం తక్కువ తిన్నారా? ‘పొన్ ఆం కాణ్ నీ’ అని విడదీసి, ఇది తింటే ఒళ్లు బంగారమవుతుంది చూడు అని వాళ్ల కథ వాళ్లు అల్లుకున్నారు.

మిద్దెతోట: గింజలతో పని లేదు. మార్కెట్ కట్టలోంచి కాస్త ముదురు కాడలు నాలుగైదు ఏరండి. జానెడు ముక్కలు చేసి, కింది ఆకులు తుంచి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చండి. వేరు పుట్టేది కణుపు దగ్గరే. వెడల్పాటి టబ్బు చాలు, లోతు అక్కర్లేదు. మట్టిలో పశువుల ఎరువు కలపండి, తడి ఆరనివ్వకండి. ఇది పంట కాలువ గట్టున, వరి మడిలో పుట్టి పెరిగే జాతి. మామూలు కుండీలో నీళ్లు నిలిస్తే భయపడతాం కదా, దీనికి ఆ భయం లేదు. సగం నీడైనా ఫరవాలేదు.

బాగా గుబురెక్కాక రెండు అంగుళాలు వదిలి కోయండి, మళ్లీ చిగురిస్తుంది. ఆకు మొదట్లో చిన్న తెల్లపూల గుత్తులు వచ్చాయంటే ఆకు ముదురుతున్నట్టు, కోత ఆలస్యమైనట్టు. ఆ పూలకు కాడ ఉండదు, కణుపుకే అతుక్కుని కూర్చుంటాయి. శాస్త్రీయ నామం ఆల్టర్నాంథెరా సెసిలిస్‌లోని రెండో మాటకు అర్థం అదే. పొడవాటి కాడ మీద తెల్లటి గుండీలాంటి పువ్వు, లోపల బోలుగా ఉండే కాండం కనిపిస్తే అది దీని చుట్టం, ఎలిగేటర్ వీడ్ అనే కలుపు మొక్క. మురుగు కాలువ పక్కన ఎంత నవనవలాడుతున్నా కోసుకోకండి, ఆ మురికినీ పీల్చుకుంటుంది.

కాలువగట్టు: ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే పొన్నెగంటి అనే ఇంటిపేరు కూడా ఈ కూరదేనా? మా ఊళ్లో ఆ ఇంటిపేరు వాళ్లను చిన్నప్పుడు ఆకుకూర పేరుతో ఏడిపించేవాళ్లం.

పాతనిఘంటువు: పాపం, అకారణంగా ఏడిపించారు! ఇల్లు ఇంటి, పల్లు పంటి, ముల్లు ముంటి అయినట్టే, రాయి అనే అర్థంలో కల్లు కూడా కంటి అవుతుంది. ఓరుగల్లు వారు ఓరుగంటి వారయ్యారు కదా. గుంటూరు జిల్లాలో తాడికొండ దగ్గర పొన్నెకల్లు అనే ఊరుంది. అలాంటి ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరులోని గంటి రాయి, కూరలోని గంటి కన్ను. విభక్తి దగ్గర రెండూ ఒకే రూపానికి వచ్చాయి, అంతే.

మిద్దెతోట: కంటి జబ్బు ఉన్నవాళ్లు ఈ కథను నమ్ముకుని కూర్చోకండి. ఆకుకూరల్లోని కెరోటిన్ నుంచి ఒంట్లో ‘ఎ’ విటమిన్ తయారవుతుంది, అది లోపిస్తే రేచీకటి వస్తుంది. అంతవరకే. పప్పు తిని కళ్లద్దాలు తీసేసినవాళ్లను నేనైతే చూడలేదు.

కాలువగట్టు: సగం కట్ట పప్పులోకి వెళ్లింది, ఆరు కాడలు టబ్బులోకి. ఒక్క సందేహం మిగిలింది. మా ఇంట్లో రోకలి చివర ఉండే ఇనుప కట్టును కూడా పొన్ను అనే అంటాం. ఇనుముకు బంగారం పేరేమిటి?

పాతనిఘంటువు: దానికి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ మొదలుపెడితే మీ కాడలు వేళ్లూనేదాకా తెమలదు.